ఫోర్‌బైఫోర్ బాబాయి

కారెక్కే ముందు బాబాయి కుడివైపు ముందు టైరును బూటుకాలితో ఒక్క తన్ను తంతాడు. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినంత శ్రద్ధగా చేసే పరీక్ష అది. ‘ధబ్’మని మోగిందా, గాలి ఉన్నట్టు, గ్రిప్పు ఉన్నట్టు, ఇంజను బాగున్నట్టు, ఇన్సూరెన్సు కట్టినట్టు. వంగి మాత్రం చూడడు. వంగితే కనబడుతుందని భయం.

కనబడేది గుండు.

హైదరాబాద్‌లోనే కాదు, విశాఖలో, విజయవాడలో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి దిగినా ఇప్పుడొక ఫోర్‌బైఫోర్ బాబాయి తగులుతాడు. వయసు యాభైకి అటూ ఇటూ. ఇంటి లోను తీరింది, అమ్మాయి డాలస్‌లో స్థిరపడింది, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. ఆ సంధికాలంలో కొంటాడు నాలుగు చక్రాలకూ పవరందే బండి. 2020 అక్టోబరు 2న కొత్త థార్ వచ్చాక ఈ జాతి బాగా వృద్ధి చెందింది. 2023 జనవరిలో అదే బండి వెనక చక్రాలకు మాత్రమే పవరుండే రకంలోనూ దిగింది. దాంతో బాబాయికి ఒక శత్రువర్గం కూడా ఏర్పడింది. సిగ్నల్ దగ్గర పక్కన ఇంకో థార్ ఆగితే ముందు బ్యాడ్జీ వెతుకుతాడు. లేకపోతే అద్దం పైకెత్తేస్తూ “టూవీలు” అంటాడు, అక్కడికి అదేదో మోపెడ్ అయినట్టు.

బండి కొన్న ఏడాదిలోపే పైన క్యారియర్ వచ్చింది. దాని మీద పెళ్లి ఊరేగింపుకు సరిపడా లైట్లు వచ్చాయి. బురదలో కూరుకుపోతే చక్రం కింద వేసే నారింజ రంగు పలకలు వచ్చాయి. చివరగా కుడిపక్క ఏనుగు తొండంలా స్నార్కెల్ లేచింది. లోతు నీళ్లలో దిగినప్పుడు ఇంజను పైనుంచి గాలి పీల్చుకోవడానికి పెట్టే గొట్టం అది. బాబాయి బండి ఇంతవరకూ చూసిన నీళ్లు వాచ్‌మన్ బకెట్‌లోవి.

వీటన్నిటికీ డబ్బు తీసినప్పుడు చెయ్యి వణకలేదు. టైర్ల మాట ఎత్తితే మాత్రం ఆయనలో ఎక్కడో దాక్కున్న పొదుపరి తాతగారు లేచి కూర్చుంటారు. “ఇంకో ఆరు నెలలు లాగొచ్చు.”

“ఆ తొండానికి పోసిన డబ్బుకి రెండు టైర్లొచ్చేవి” అంటుంది పిన్ని.

“టైరు ఎవరికి కనిపిస్తుందే?”

అలాగని టైర్ల సంగతి తెలియనివాడేం కాదు. తెలిసినంత ఇంకెవరికీ తెలియకపోవచ్చు. ముంబై హైవే మీద సదాశివపేట దగ్గరపడితే చాలు, ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ పేరు చెప్పి, ఆ కంపెనీ 1946లో మద్రాసు తిరువొత్తియూరులో పిల్లల బుడగలు చేసే షెడ్డుగా మొదలైందన్న కథ అందుకుంటాడు. సత్యవేడు వైపు వెళ్తే చిన్నపండూరులోని అపోలో ఫ్యాక్టరీ వంతు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు కట్టిన వైనం చెప్పేటప్పుడైతే గొంతు గద్గదమవుతుంది. “కొడుక్కి కుదుపు తగలకూడదని ఒక తండ్రి చేసిన పని” అంటాడు. ఆ సమయానికి వెనక సీట్లో ఉన్నవాళ్లు ఆయన గుండు టైర్ల మీద, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉంటారు.

అరచేయి అని ఊరికే అనలేదు. ఎంత పెద్ద కారైనా ఒక్కో టైరు నేలను తాకేది ఇంచుమించు అరచేయంత మేరే. దాదాపు రెండు టన్నుల బండి, దాని లైట్లు, తొండం, లోపలి జనం, అందరి భారమూ ఆ నాలుగు అరచేతుల మీదే. టైరు గాడులు అందానికి చెక్కిన నగిషీ కాదు, వాన నీటిని పక్కకు తోసే కాలవలు. కాలవలు పూడిపోతే నీరు పోయే దారి లేక టైరు నీటి పొర మీదికెక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి దాని ఇష్టం.

ఇంకొకరి టైరు జాతకం చెప్పమంటే బాబాయి తర్వాతే ఎవరైనా. సెల్లారులో పొరుగువాళ్ల కారు పక్కన చతికిలబడి (ఇతరుల టైర్ల కోసమైతే వంగుతాడు) గోడ మీది చివరి నాలుగంకెలు చదువుతాడు. “4119. అంటే 2019లో నలభై ఒకటో వారం పుట్టింది. మీ టైరుకి వయసైపోతోందండీ.” 255/65 ఆర్ 18 అని ఉంటే 255 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ అంటే రేడియల్, 18 రిమ్ము అంగుళాలు అని అరటిపండు ఒలిచి పెడతాడు. నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ అరిగితే తక్కువైనట్టు, ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్టు. నాడి పట్టి రోగం చెప్పే ఈ వైద్యుడి సొంత టైర్లు మాత్రం ఈ మూడు రోగాలనూ దాటేసి, అంతటా సమానంగా అరిగే నిర్వికల్ప స్థితికి చేరుకున్నాయి.

ఒక ఆదివారం డాలస్ నుంచి కూతురు వీడియోకాల్‌లో పట్టేసింది. ఆ దేశంలో ఒక సెంటు నాణేన్ని తలకిందులుగా గాడిలో దించి చూస్తారు. లింకన్ తల మొత్తం బయటే ఉంటే టైరు పని అయిపోయినట్టు. అంచుకూ ఆ తలకూ మధ్య దూరం 1.6 మిల్లీమీటర్లు. కార్ల విషయంలో మన నిబంధనలు గీసిన గీతా అదే. అంతమాత్రానికి నాణెం కూడా అక్కర్లేదు, గాడుల మధ్య అడ్డకట్టల్లా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. పైభాగం అరిగి అరిగి వాటికి సమమైందా, మార్చాల్సిందే.

కూతురు చూస్తుంటే ఆ ఒక్కసారి సొంత బండి ముందు వంగక తప్పలేదు. సెంటు లేదు కాబట్టి రూపాయి పెట్టాడు. సింహాలు పీఠంతో సహా బయటే నిలబడి ఆయన వంక చూశాయి.

“ఇది అమెరికా నాణేనికి కట్టిన లెక్కమ్మా. మన రూపాయికి వర్తించదు” అని నాణేన్ని జేబులో వేసుకున్నాడు.

ఆయన దగ్గర ఇంకో వాదం ఉంది. “ఫార్ములా వన్ కార్లకి గుండు టైర్లే వేస్తారు, తెలుసా?” నిజమే. పొడి రోడ్డు మీద నున్నటి రబ్బరు ఎక్కువ మేర అంటుకుంటుంది. దానికి సెల్లారులో క్రికెట్ ఆడుతున్న ఎనిమిదో తరగతి కుర్రాడు “వాన పడితే వాళ్లు మార్చేస్తారు కదా బాబాయ్” అన్నాడు. ఆ రోజు నుంచి సెల్లారులో క్రికెట్ నిషేధం.

ఈ మధ్య మైలేజీ కూడా పెరిగిందట! ఇదొక్కటి మాత్రం కొట్టిపారేయలేం. అరిగిన టైరు దొర్లడానికి కాస్త తేలిక. పైగా చుట్టుకొలత తగ్గి ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మీటరు తిరగని దూరాన్ని కూడా కొంత కలిపి చూపిస్తుంది. ఆ దొంగ కిలోమీటర్లను బాబాయి తన డ్రైవింగ్ నైపుణ్యం ఖాతాలో వేసుకున్నాడు.

మారుద్దామని ఆయనా అనుకోకపోలేదు. 2025 ఉగాదికి ఆఫర్లొస్తాయన్నాడు. వేసవిలో తారు వేడికి కొత్త రబ్బరు పాడవుతుందన్నాడు. ఆషాఢంలో కొత్త వస్తువు కొనకూడదన్నాడు (ఆ నియమం చీరలకు లేదని పిన్ని ఆషాఢం సేల్లో రుజువు చేసి వచ్చింది). శ్రావణంలో ఖర్చులెక్కువ. ఆగస్టులో జీఎస్టీ తగ్గబోతోందన్న మాట రాగానే ఎగిరి గంతేశాడు. ఆయన బద్ధకానికి మొదటిసారి కేంద్ర ప్రభుత్వం మద్దతు దొరికింది. అన్నట్టుగానే సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. తేదీ ఖాయమయ్యాక, ఆ రోజు రావడానికి ముందటి ఆదివారమే తాండూరు దగ్గర స్నేహితుడి కందిచేను చూసొద్దామని బయల్దేరాడు.

అనంతగిరి దాకా అంతా బాగానే ఉంది. తారురోడ్డు దిగాక ఉంది నల్లరేగడి. రాత్రి వాన పడిన రేగడి సంగతి ఆ పక్క ఊళ్లలో పసిపిల్లల్నడిగినా చెబుతారు. చెప్పు వేస్తే చెప్పు, ఎద్దు వేస్తే ఎద్దు ఇరుక్కుంటాయి. బాబాయి మొహం వెలిగిపోయింది. ఐదేళ్లుగా ఎదురుచూసిన ఘడియ. బండి ఆపి, లోపలున్న అందరూ చూసేలా చిన్న లివర్‌ను ఫోర్ ఎల్‌లోకి లాగి, యుద్ధానికి వెళ్లేవాడిలా చొక్కా చేతులు మడిచాడు.

ఫోర్‌వీల్ తన పని తాను చేసింది. పవరును నాలుగు చక్రాలకూ పంచింది. గ్రిప్పు పంచడం దాని పని కాదు. మామూలు కారైతే రెండు చక్రాలు జారేవి, ఇది గొప్ప బండి కాబట్టి నాలుగూ జారాయి. మొదటి నిమిషంలోనే ఉన్నపాటి గాడుల్లో రేగడి మెత్తి, టైర్లు అప్పుడే అలికిన అరుగుల్లా నున్నగా తయారయ్యాయి. అరగంటలో బండి పొట్ట నేలకానింది. నారింజ పలకలు వేశారు, అవీ పాతుకుపోయాయి. లైట్లు వేశారు, పట్టపగలు. ఎవరో వెళ్లి ట్రాక్టరు తెచ్చారు. దాని వెనక చక్రాలకు మందపాటి కమ్ములున్నాయి. కుర్రాడు తాడు కట్టి, చేత్తో స్నార్కెల్ తడిమి, “ఇదేంది సార్, పొగగొట్టమా?” అని అడిగి, రెండు నిమిషాల్లో రోడ్డెక్కించాడు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో ఎవరూ టైర్ల గురించి మాట్లాడలేదు. డన్‌లప్ కథ కూడా రాలేదు.

దసరాకి ముందు శనివారం మూసాపేటలో టైర్ల షాపుకెళ్లాడు. షాపు భాయ్ టైరు మీద అరచేయి వేసి, పిల్లాడి తల నిమిరినట్టు నిమిరి, “తిరుపతి పోయొచ్చినయా సార్?” అన్నాడు.

“రెండు చాలు భాయ్. ముందువి.”

“ఫోర్‌బైఫోర్‌కి రెండేస్తే ఎట్ల సార్?”

భాయ్ సుద్దముక్కతో నేల మీదే లెక్క గీశాడు. ఆ సైజు కొత్త టైరు కిలోమీటరుకు దాదాపు 404 చుట్లు తిరుగుతుంది. ఆరు మిల్లీమీటర్లు అరిగింది 410 దాకా తిరుగుతుంది. ఫోర్ హెచ్‌లో వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే లెక్కన తిరిగేలా కట్టేసినట్టవుతుంది. ఒకటి కిలోమీటరుకు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలంటుంది, రెండోది వద్దంటుంది. ఆ కొట్లాట భారం మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద పడుతుంది. బురదలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, గట్టి రోడ్డు మీద సర్దుకోడానికి చోటుండదు.

అంతా చెప్పి, తల పైకెత్తి, చాలా మామూలుగా అడిగాడు. “అయినా సార్, మీరు ఆ లివర్ వాడుతరా? ఎప్పుడూ టూ హెచ్‌లోనే తిరుగుతుంటే రెండేసినా నడుస్తది. గేర్లకేం కాదు.”

షాపులో నిశ్శబ్దం. ఒక్కో టైరు పన్నెండు వేలు, పన్నుతో 14,160. ‘వాడను’ అని ఒక్క ముక్క అంటే 28,320 రూపాయలు మిగులుతాయి. పక్కన స్టూలు మీద పిన్ని. ఎదురుగా టూవీల్ థార్‌కు గాలి పట్టిస్తున్న పాతికేళ్ల కుర్రాడు, చెవులు ఇటే పెట్టి. ఆ అరనిమిషంలో బాబాయి మొహంలో నడిచినంత యుద్ధం రేగడిలో కూడా నడవలేదు.

“రోజూ వాడతానోయ్” అన్నాడు.

నాలుగు దించమని భాయ్ లోపలికి కేకేశాడు. బాబాయికి అప్పుడు తట్టింది. “ఆగు! మూడు చాలు. నాలుగోది వెనకుందిగా!” అని పరుగెత్తి స్టెప్నీ మీది కవరు లాగాడు. వేల్స్‌లో లనెల్లి ఊళ్లోని స్టెప్నీ వీధి పేరు మీద, అక్కడి డేవిస్ సోదరులు 1904లో మొదలెట్టిన అదనపు చక్రం వ్యాపారం నుంచి మనకొచ్చిన మాట అది. బాబాయికి ఆ చరిత్రా తెలుసు, కానీ చెప్పే సమయం కాదు. స్టెప్నీ నిజంగానే నేల తాకలేదు. అచ్చులోంచి వచ్చినప్పటి రబ్బరు వెంట్రుకలు, లేత మీసంలా, ఇంకా అలాగే ఉన్నాయి.

భాయ్ అంకెలు చదివాడు. 4820. గాడిలో గేజి పెట్టాడు, తొమ్మిది మిల్లీమీటర్లు. “ఐదేండ్లు ఎండల ఉన్నది సార్. గాలి పెట్టిస్త, స్టెప్నీ లెక్కనే ఉంచుండ్రి. కొత్తదాని పక్కన జోడీ వద్దు. కంపెనీ వేరు, పువ్వు వేరు.” తన విద్యతోనే తనను ఓడించిన భాయ్ వంక బాబాయి కొంత గౌరవంతోనే చూశాడు.

నాలుగూ ఎక్కాయి. తెల్ల అక్షరాలు బయటికి కనిపించేలా బిగించమని దగ్గరుండి చెప్పాడు. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు అయ్యాక నైట్రోజన్ పెట్టమంటారా అంటే, మామూలు గాలిలో కూడా 78 శాతం అదేనని చెప్పి, మిగతా 22 శాతానికి డబ్బివ్వనన్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పడ్డాయి. పాత టైర్లకు భాయ్ ఏదో ధర చెప్పబోతే వినిపించుకోకుండా నాలుగింటినీ వెనక సీట్లో ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. దారంతా పిన్ని మెడ వంచుకునే కూర్చుంది.

ఇప్పుడవి టెర్రస్ మీద ఉన్నాయి. ఆకుపచ్చ రంగేసి, మూడింట్లో కరివేపాకు, మల్లె, గోంగూర వేశారు. నాలుగోదాన్ని రంగు వేయకుండా, ఖాళీగా, గోడకు ఆనించి ఉంచాడు. చుట్టాలొస్తే కాఫీ అయ్యాక పైకి తీసుకెళ్తాడు. గాడి మూలన ఎండిపోయిన నల్లమట్టి చిన్న ముద్ద ఒకటి మిగిలి ఉంది, దాన్ని ఎవరినీ కడగనివ్వడు.

“తాండూరు రేగడి” అంటాడు వేలితో చూపిస్తూ. “ఫోర్ ఎల్‌లో వేశాను.”

మెట్ల దగ్గర నిలబడి పిన్ని ట్రాక్టరు కుర్రాడి మాట ఎత్తబోతుంది. ఆయన అప్పటికే బూటుకాలితో టైరును ఒక్క తన్ను తన్ని, ఆ చప్పుడు వినమని చుట్టాలకు సైగ చేస్తుంటాడు.