అద్దె పుస్తకం

ఇస్తాంబుల్ పెద్ద బజారులో సహాఫ్‌ల వీధి ఉండేది. సహాఫ్ అంటే పాత పుస్తకాల వ్యాపారి. అక్కడొక అర నా పుట్టిల్లు. వేయిన్నొక్క రాత్రుల కథల్లో ఒక సంపుటాన్ని నేను. భాష తుర్కీ, లిపి అరబ్బీ. నన్ను రాసిన లేఖకుడు మహా తొందర మనిషి. మూలంలో పద్యం వచ్చినచోటల్లా "ఇక్కడ చాలా ఏడ్చాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసి కథలోకి దూకేవాడు. నేను తప్పుపట్టను. కాఫీ దుకాణంలో పద్యం ఎత్తుకుంటే జనం చెప్పులు వెతుక్కుంటారు.

మా వంశం అప్పటికే పాతది. ఈ అరబ్బీ కథలు 15వ శతాబ్దంలోనే తుర్కీ నేర్చుకున్నాయి. నా పక్క అరలో ఉండే హుమాయున్‌నామాకు మాత్రం నాకంటే గర్వం ఎక్కువ. ఉండదూ మరి! అది మీ పంచతంత్రానికి మునిమనవరాలు. పహ్లవీ, అరబ్బీ, పారశీకం దాటుకుని సుల్తాన్ సులేమాన్ కాలంలో తుర్కీలోకి వచ్చింది. దాన్ని పాషాలు చదివేవారు. నన్ను చదివింది సిపాయిలు, చేతిపనివాళ్లు.

చదివారంటే కొన్నారని కాదు, అద్దెకు తీసుకెళ్లారని. చదువు వచ్చినవాడు ఒక్కడు, చుట్టూ వినేవాళ్లు ఎందరో. మర్నాడు పొద్దున నేను ఇంటికొచ్చేసరికి ఒంటినిండా కాఫీ మరకలు, కొవ్వొత్తి మైనం. అంచుల్లో రాతలు: ఫలానా పేటలో చదివాను, విన్నవాళ్లు మెచ్చారు అని ఒకడు. వాడి చదువు గాడిద ఓండ్రలా ఉందని కింద ఇంకొకడు. లేఖకుడి అక్షరాలకంటే ఆ అంచులంటేనే నాకిష్టం.

కాఫీ దుకాణాల్లో కథలు చెప్పే మద్దాహ్‌లకు నాతో పనిలేదు. చేతిలో కర్ర, భుజాన రుమాలు, కథంతా నోటిలోనే. వాళ్ల నోట మారువేషంలో తిరిగే రాజు బాగ్దాద్ ఖలీఫాగా ఉండిపోలేదు, నాలుగో మురాద్ అయిపోయాడు. 1633లో కాఫీ దుకాణాలు మూయించిన సుల్తాను ఆయనే. ఆయన్నే కాఫీ దుకాణం కథానాయకుణ్ణి చేసుకుంది. పగ తీర్చుకోవడంలో ఇంతకంటే మర్యాద ఉంటుందా?

19వ శతాబ్దం మధ్యలో ఇవే కథలకు అహ్మద్ నజీఫ్ చేసిన అనువాదం అచ్చుకెక్కాక నా బేరం పడిపోయింది. ఒకాయన చవగ్గా కొని ఇంటికి తీసుకుపోయాడు. నన్ను పూర్తిగా కొన్నవాడు ఆయనొక్కడే.

1928లో లిపి మారింది. పిల్లలు లాటిన్ అక్షరాలు దిద్దారు. ఇంట్లో నన్ను చదవగలిగినవాళ్లలో నన్ను కొన్నాయన మనవరాలు ఒక్కతే మిగిలింది, ఆమె కూడా ముసలిదైంది.

ఒక చలికాలం రాత్రి ఆమె మనవడు నన్ను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "నానమ్మా, అల్లావుద్దీన్ దీపం కథ చదువు" అన్నాడు. నా గుండె జారింది. ఆ కథ నాలో లేదు. 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు ఫ్రెంచి అనువాదకుడు గాలాన్‌కు నోటితో చెప్పిన కథ అది. గాలాన్ అంతకుముందు ఇస్తాంబుల్‌లోనే ఉండి పుస్తకాలు కొనేవాడు. దీపం మాత్రం తుర్కులకు ఫ్రెంచి దారిన చుట్టుతిరిగి వచ్చింది.

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. నన్ను మధ్యకు తెరిచి కాసేపు చూసింది. తర్వాత వేలు ఒక వరుస మీద ఆనించి, ఒకటి ఉందట, ఒకటి లేదట అని మొదలుపెట్టి, దీపం కథంతా చెప్పేసింది. సరైన చోటల్లా పేజీ కూడా తిప్పింది.