అలవాటే కదా, మానెయ్!

తిరువూరు బస్టాండు దగ్గరి టీకొట్లలో మనోవైద్యం ఉచితం. "మా పిల్ల అన్నం ముట్టట్లేదండీ, చిక్కి సగమైపోయింది" అని ఓ తండ్రి నోరు జారితే చాలు, గ్లాసు ఖాళీ కాకముందే తీర్పొచ్చేస్తుంది: "అలవాటు చేసుకుంది. రెండు తగిలిస్తే అదే పోతుంది."

తీర్పు చెప్పిన పెద్దాయనకి షుగరు. పంచదార మానమని డాక్టరు ఎంత మొత్తుకున్నా, "చిన్నప్పటి అలవాటు, ఇప్పుడెక్కడ మానతాం" అంటూ ఇంకో చెంచా వేయించుకుంటాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదనే సామెతా ఆయన నోటిదే. అది ఆడపిల్లల కంచం దాకా రాదు కాబోలు.

ఇంతకీ ఆ పిల్లకు అలవాటు నేర్పిందెవరు? "బొద్దుగా తయారయ్యావే, సంబంధాలెలా వస్తాయే" అన్న అత్తయ్యలు. రాత్రన్నం మానేసిన కొత్తలో "భలే సన్నబడ్డావే" అని మురిసిపోయిందీ వాళ్లే. వీరమాచనేని డైటు ఊపు మీదున్న రోజుల్లో అన్నం మానడం ఇళ్లలో ఘనకార్యం. ఆ డైటు వల్లే అనొరెక్సియా అనే ఈ తిండి మానే జబ్బొచ్చిందని నేననను. మెచ్చుకోళ్లు మాత్రం మనవే. ఊబకాయం నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. కరెంటు స్తంభాలకు చదువు రాదు కాబట్టి "బరువు తగ్గాలా?" కాగితాలను మోస్తూనే ఉన్నాయి.

పొగడ్తతో మొదలైన పస్తు, రోజూ చేయగా చేయగా పొగడ్త అక్కర్లేకుండానే సాగుతుందని అమెరికా మనోవైద్యుడు తిమోతి వాల్ష్ 2013లో రాశాడు. 2015లో ఆయన బృందం అనొరెక్సియా రోగులకు తిండి ఫొటోలు చూపి, ఏది తింటారో ఎంచుకోమంటూ మెదడు స్కాన్ తీసింది. ఆ ఎంపికలో, అలవాట్లతో ముడిపడ్డ మెదడు భాగం మామూలువాళ్లలో కంటే వీళ్లలో ఎక్కువగా పాలుపంచుకుంది. అంతా అలవాటే అని వాళ్లూ అనలేదు. ఆందోళనా, వంశపారంపర్యమూ ఉన్నాయి. కానీ అలవాటంటే తేలికన్నవాడు ఆ బృందంలో ఒక్కడూ లేడు. అంత తెలివి మన టీకొట్లకే పరిమితం.

మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇదొకటి. చికిత్స ఉంది. అందులో ఒక పద్ధతికి అమ్మానాన్నలే ఆధారం: కొట్టకుండా, తిట్టకుండా, పూటపూటా పక్కన కూర్చుని తినిపించాలి. తగిలించడం కన్నా చాలా కష్టం, అందుకే ఎవరూ సలహా ఇవ్వరు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. టీకొట్లో ఆ నంబరు ఇచ్చి చూడండి. "పిచ్చి డాక్టర్లకు ఫోనా? రేపు పిల్లకు పెళ్లి కావద్దూ?" అంటారు. పెళ్లి దాకా పిల్ల బతికుండాలి గదా అన్నామో, మనవే అపశకునపు మాటలు!