తెలిసీ చెప్పని సర్వర్

‘మీరిచ్చిన వివరాలు సరిగా లేవు.’ ఉపకార వేతనాల దరఖాస్తుకు ఏపీఐ రాసినప్పుడు, ఏ గడిలో ఏ తప్పు దొర్లినా నేను 400 స్టేటస్‌తో ఈ ఒక్క వాక్యమే పంపేవాణ్ణి. కోడ్ పొందిగ్గా ఉందని మురిసిపోయాను కూడా. అంత తెలివితక్కువ పని నేను మరొకటి చెయ్యలేదు.

ఎందుకంటే, తప్పెక్కడుందో సర్వర్‌కు తెలుసు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, ఐదోది సున్నా. చాలామంది పిల్లలు అక్కడ ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టేవారు. నా వ్యాలిడేషన్ దాన్ని ఇట్టే పట్టేసేది. పట్టుకున్న ఆ సంగతిని పిల్లలకు చేరకుండా నేనే పారేశాను. ఫారం తయారుచేసిన తోటి డెవలపర్‌కు ఏ గడిని ఎర్రగా చూపించాలో తెలిసే దారి లేకపోయింది. లాగ్‌లు తిరగేస్తే ఒకే విద్యార్థి పంపిన దరఖాస్తులు వరసగా కనిపించాయి. సరిగ్గా ఉన్న పిన్‌కోడ్ మార్చారు, పుట్టిన తేదీ మార్చారు. ఐఎఫ్‌ఎస్‌సీ మాత్రం అలాగే ఉంది. తర్వాత ఆ దరఖాస్తు మళ్లీ రాలేదు. అలాంటి పిల్లల చదువు డబ్బుకు నేనే అడ్డుపడ్డాను.

వివరంగా చెబితే భద్రతకు ముప్పని అప్పట్లో వాదించాను. దాచాల్సింది స్టాక్ ట్రేస్, డేటాబేస్ లోగుట్టు. ఐదో అక్షరం సున్నా కావాలన్న మాటలో రహస్యమేముంది?

తప్పును వివరంగా చెప్పే పద్ధతిని నేను కొత్తగా కనిపెట్టాల్సిన పనీ లేదు. ఆర్‌ఎఫ్‌సీ 7807 అనే ప్రమాణం 2016లోనే వచ్చింది. 2023లో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9457 వచ్చింది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అనే ఫీల్డులతో ఎర్రర్‌ను జేసన్‌లో ఎలా పంపాలో అందులో ఉంది. వాటికి తోడు మనకు కావలసినవి చేర్చుకోవచ్చు. తప్పులన్నిటినీ ‘ఎర్రర్స్’ అనే జాబితాగా ఇచ్చే ఉదాహరణ కూడా 9457లో కనిపిస్తుంది. అవేవీ చదవకుండా సొంత పద్ధతి పెట్టుకున్నాను.

ఇప్పుడు 422 స్టేటస్‌తో తప్పులన్నీ ఒకేసారి పంపుతున్నాను. మొదటి తప్పు దగ్గరే ఆగిపోవడం లేదు. ఒక్కోదానికీ ఫీల్డ్ ఎక్కడుందో చూపే పాయింటర్, మారని ఒక కోడ్, ‘ఐదో అక్షరం సున్నా ఉండాలి, ఓ కాదు’ లాంటి తెలుగు మాట ఉంటాయి. ప్రోగ్రామ్ కోడ్‌నే చూస్తుంది కాబట్టి, మాటను రేపు ఇంకా తేలిక చేసినా ఏదీ చెడిపోదు.

కొత్త నియమం పెట్టే ముందు, అది కాదన్నప్పుడు వెళ్లే జవాబు రాస్తున్నాను. ఆ జవాబు చదివి విద్యార్థి తన ఫారం తానే సరిచేసుకోలేకపోతే, నా పని పూర్తికానట్టే.