ముట్టుకుంటే ఒట్టు!

మణుగూరులో సోఫాలను ఇప్పుడు కుషన్లు ఆక్రమించాయి. పెద్దవి వెనక, చిన్నవి ముందు, పూలదాని పక్కన గీతలది, మధ్యలో బొచ్చుది. అందులోనూ తెల్లవి! 1,080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంటుకు బొగ్గు పంపే ఊళ్లో తెల్ల కుషన్లా? రంగులు జత కుదర్చడానికి అంత తిప్పలెందుకు? ఓపెన్‌కాస్టు టిప్పర్లు నాలుగు తిరిగితే సాయంత్రానికి అన్నీ ఒకే రంగు. (అడవిలో బూరుగు దూది గాలికి పోతుంటే, ఆన్‌లైన్‌లో పాలిస్టర్ దూది తెప్పించడం మరో ముచ్చట.)

నైట్‌షిఫ్టు దిగొచ్చిన సింగరేణి కార్మికుడు తల వాల్చబోతే, "అవి షోకు పెట్టినయ్, ముట్టకు!" అని కేక. చుట్టాలొస్తే కుషన్లన్నీ మంచం మీదికి, పడుకునే వేళకు మళ్లీ సోఫా మీదికి. ఈ డ్యూటీ కూడా ఆయనదే. ఓవర్‌టైమ్ మాత్రం లేదు!