హ్యాష్ కొట్టి ఆగండి

ఆఫీసులో ఎవరు పెద్దో ఎవరు చిన్నో తెలుసుకోవాలంటే సీనియారిటీ లిస్టు తిరగెయ్యక్కర్లేదు. ఇంటర్‌కమ్ పెట్టెలో ఎవరి ఎక్స్‌టెన్షన్‌కి ఏ క్లాసు ఇచ్చారో చూస్తే చాలు. లోపల్లోపల మాట్లాడుకోడానికే పనికొచ్చేది ఒక క్లాసు, ఊళ్లోకి చేసుకోనిచ్చేది ఇంకో క్లాసు, ఆపైన ఎస్టీడీ. దేశంలో మొదటి ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది. ఆ మోజు మా సెక్షన్‌కి ఇంకా తీరలేదు. జేబులో రెండు సెల్‌ఫోన్లున్న మా సీనియర్ అసిస్టెంటు గారు "నాకు ఎస్టీడీ తీసేశారటండీ" అంటూ ఆ పూట క్యారేజీ కూడా విప్పలేదు. ఎవరికి చెయ్యాలి సార్ అంటే, ఎవరికీ లేదు. పక్క సీటాయనకి ఉంది, అదీ బాధ.

ఈ క్లాసులు మార్చే విద్యను ప్రోగ్రామింగ్ అంటారు. హైటెక్ సిటీని ఊహించుకోకండి. గోడకో పెట్టె, దానికో మాస్టర్ ఫోను, దానికి పన్నెండు బటన్లు. తెరా గిరా ఏమీ ఉండదు. రిసీవరెత్తి పాస్‌వర్డు కొట్టాలి (1234 అని గేటు ముందు టీ బడ్డీవాడికీ తెలుసు). తర్వాత సెట్టింగు నంబరు, ఎక్స్‌టెన్షన్ నంబరు, కావలసిన క్లాసు నంబరు, చివర హ్యాష్. పెట్టెకి నచ్చితే పొడుగ్గా కుయ్యిమంటుంది. నచ్చకపోతే కీకీకీమంటుంది. ఎందుకు నచ్చలేదో చెప్పదు. మా పై ఆఫీసు ఫైలు తిప్పి పంపినట్టే.

1963లో అమెరికాలో బటన్ల ఫోను వచ్చినప్పుడు అంకెలు పదే ఉండేవి. స్టారూ హ్యాషూ 1968లో తగిలించారు. ఆ రెండూ లేకపోతే మా ఆఫీసులో సగం తగాదాలు పుట్టేవే కావు.

పెట్టెతో వచ్చిన పుస్తకం ఏ బీరువాలో పడిందో ఏమో, మిగిలిన ఒక్క జిరాక్సూ అటెండరు జేబులో ఉంది. అందుకని ఆఫీసర్లంతా అతన్ని పేరు చివర 'గారు' తగిలించి పిలుస్తారు.

"నాకొచ్చే కాల్సు ఎదురు గదిలో మోగేలా పెట్టగలవా?" అన్నారో సారు.

"పెట్టొచ్చు సార్. కాకపోతే ఎదురు గది సారు పొద్దున్నే వారివి మీ గదికి పెట్టించుకున్నారు."

పెట్టమన్నారు. ఆ రోజంతా రెండు గదుల్లోనూ ప్రశాంతత వెల్లివిరిసింది.

లైన్లో ఉండమన్నవాళ్లకి మా పెట్టె బీథోవెన్ 1810లో రాసిన 'ఫర్ ఎలీజ్' వినిపిస్తుంది. మొదటి ముక్క అయిపోగానే మళ్లీ మొదటికి. ఆ తర్వాత సంగతులేమిటో బిల్లుల కోసం ఫోన్ చేసే ఒక్క కాంట్రాక్టరుకీ తెలియదు.

ఇక అసలు విశేషం మా పాత సూపరింటెండెంటు గారిది. సర్వీసు చివర్లో సెలవు పెట్టినప్పుడు తన ఎక్స్‌టెన్షన్‌ని ఇంటి ఫోనుకి మళ్లించుకున్నారు. రిటైరయ్యారు, సన్మానమైంది, శాలువా కప్పాం. సెట్టింగు మాత్రం ఎవరూ తియ్యలేదు. ఇప్పటికీ హెడ్డాఫీసు ఫోన్లు ఆయనింట్లోనే మోగుతాయి. ఆయన వాలుకుర్చీలోంచే ఫైలు నంబరుతో సహా జవాబిస్తారు. తీసేద్దామా అంటే సెక్షనంతా ఏకగ్రీవంగా వద్దంది. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారైతే సందేహమొస్తే తనే ఆ నంబరుకి చేస్తున్నారు. పెద్దాయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆ కాల్సు క్యాంటీన్‌లో మోగేలా అటెండరు గారు ఏర్పాటు చేశారు. ఇంతవరకూ పైనుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు.