చెంబు చూసిన దేశాలు

మా వయసు తెలుగువాళ్ళు విదేశాలు తిరిగొచ్చారంటే, కూతురి పురుటికో కోడలి పురుటికో అమెరికా వెళ్ళారని అర్థం. ఆరు నెలలు డల్లాస్‌లో గిన్నెలు తోమి, ఓ శనివారం గుడికీ మరో శనివారం కాస్ట్‌కోకీ వెళ్ళి, నయాగరా ముందు రెయిన్‌కోటులో దిగిన ఫోటో తెచ్చుకుని హాల్లో తగిలిస్తారు. ఆ ఫోటో మా ఇంట్లోనూ ఉంది. మిగతా జీవితం దాన్ని చూసుకుంటూ గడిపేద్దామనుకున్నాను. అంతలో మా ఆవిడ పేపర్లో కొచ్చి దంపతుల సంగతి చదివింది.

విజయన్, మోహన అని, ఓ చిన్న టీకొట్టు వాళ్ళది. రోజూ వచ్చినదాంట్లో కొంత పక్కన పెట్టి, చాలకపోతే అప్పు చేసి, తిరిగొచ్చి అది తీర్చుకుంటూ ఇద్దరూ కలిసి 26 దేశాలు చూశారు. 2021లో ఆయన పోయేదాకా అదే వరస.

"టీ అమ్మి ఆయన పెళ్ళానికి 26 దేశాలు చూపించాడు. మీరు 34 ఏళ్ళు బ్యాంకులో చేసి నాకు అరకు చూపించారు."

"ఆయన అప్పు చేసి వెళ్ళాడే!"

"అప్పులిచ్చే ఉద్యోగమేగా మీరు చేసింది?"

ఆ ప్రశ్నకి ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు తిరక్కుండా ఇద్దరం వీపులకి సంచులు తగిలించుకుని రాజమండ్రిలో రైలెక్కాం. చౌక విమానాల్లో చేతిసామాను మనిషికి ఏడు కిలోలే. పాత పేపర్లు కొనే అబ్బాయిని పిలిచి కాటా వేయించాం. నాది ఆరున్నర, ఆవిడది ఆరు. ఆ కాటా మీద ఏది పెట్టినా తక్కువే తూగుతుందన్న సంగతి విమానాశ్రయంలో గుర్తొచ్చింది. ఆవకాయ ద్రవపదార్థాల లెక్కలోకి వస్తుందని కూడా అక్కడే తెలిసింది. కందిపొడి గట్టెక్కింది.

ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరితే వెంట వందమంది దాకా పరివారం. మా యాత్రలో ఆ పరివారమంతా నేనే. చిన్న రైస్ కుక్కరు, నైలాన్ తాడు, ఇడ్లీరవ్వ, అన్నీ నా వీపు మీదే. వాటికి తోడు ఒక స్టీలు చెంబు. మా పెళ్ళికి అత్తగారిచ్చింది, మెడ దగ్గర తన పేరు కూడా చెక్కించింది. "పరాయి దేశాల్లో కాగితాలుంటాయిట" అంది మా ఆవిడ, అంతకన్నా వివరాల్లోకి వెళ్ళకుండా.

తీరా చూస్తే థాయిలాండ్‌లో అడుగడుగునా చేతి స్ప్రే. లావోస్‌లోనూ అంతే. ఊరు మారినప్పుడల్లా నేను ముందు బాత్రూంలోకి తొంగిచూసి "ఇక్కడా ఉంది" అని విజయగర్వంతో ప్రకటించేవాణ్ణి. "ఉండనివ్వండి" అనేది ఆవిడ. దేన్ని ఉండనివ్వాలో చెప్పేది కాదు.

లావోస్‌లో హ్వే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి మెకాంగ్ నది మీద పడవ ప్రయాణం. రెండు రోజులు. పాత వ్యాన్లలోంచి ఊడబీకిన సీట్లు పడవలో వరసగా వేస్తారు. కొండలు, అడవి, ఇసుక తిన్నెల మీద గేదెలు, పాపికొండలే కాస్త సాగదీసినట్టు. బాగుంది. కానీ 31 ఏళ్ళ కాపురంలో మేమిద్దరం రెండు పగళ్ళు పక్కపక్కన ఊరికే కూర్చున్నది ఎప్పుడూ లేదు. ఆఫీసుండేది, వంటిల్లుండేది, ఏదీ లేకపోతే టీవీ ఉండేది. మొదటి రోజు పదకొండింటికల్లా మాటలు అయిపోయాయి. పన్నెండింటికి 1994 నాటి గొడవొకటి బయటికి తీశాం. మా తమ్ముడి పెళ్ళిలో మా మావగారికి ముందు వరసలో కుర్చీ వెయ్యలేదని. రాత్రికి పాక్‌బెంగ్‌లో పడవ ఆపారు గానీ గొడవ ఆగలేదు. మర్నాడు సాయంత్రం లువాంగ్ ప్రబాంగ్ రేవులో దిగేసరికి తప్పు నాదేనని తేలింది. ఆ పెళ్ళిలో కుర్చీలు వేయించింది నేను కాదు, షామియానావాడు. మా వెనక కూర్చున్న జర్మన్ కుర్రజంట మాత్రం, ఈ వయసులో ఇన్నేసి కబుర్లేమిటని ముచ్చటపడి మాకో ఫోటో తీశారు.

అక్కణ్ణుంచి వియంటియాన్‌కి కొత్త రైలెక్కాం. 2021లో మొదలైంది, రెండు గంటల్లో దించేస్తుంది. రెండు గంటల్లో ఏ గొడవా తెమలదు. అందుకని మొదలుపెట్టలేదు.

వియత్నాంలో దిగీ దిగగానే నేను కోటీశ్వరుణ్ణయ్యాను. మన రూపాయికి దాదాపు మూడొందల డాంగ్‌లు మరి. కానీ అక్కడ ఇరవై వేల నోటూ నీలమే, అయిదు లక్షల నోటూ నీలమే. హుయేలో కొబ్బరిబోండాం తాగి ఇరవై వేలకి బదులు అయిదు లక్షలిచ్చి నడిచిపోయాను. బోండాలావిడ వెనకాలే పరిగెత్తుకొచ్చి నోటు చేతిలో పెట్టి, భాష రాకపోయినా అర్థమయ్యేలా తిట్టింది. నేను ఇరవై ఏళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చుని, నోటు రంగు కాదు, అంకె చూడమని కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పినవాణ్ణి.

"మీరు రిటైరవడం మంచిదయింది" అంది మా ఆవిడ. కాస్త ఆగి, "బ్యాంకుకి" అంది.

ఇంకో పరాభవం, ఓ బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'చాయ్' అని చదివి, పరుగున లోపలికెళ్ళి రెండు వేళ్ళు చూపించడం. రెండు పళ్ళేల్లో అన్నం, టోఫు, ఏవో ఆకులు వచ్చాయి. ఆ మాటకి వాళ్ళ భాషలో శాకాహారమని అర్థం. చాలామంది బౌద్ధులు చాంద్రమాసంలో మొదటి రోజూ పదిహేనో రోజూ నీచు ముట్టరట. "వీళ్ళకీ తిథులున్నాయండీ" అని మా ఆవిడ పొంగిపోయి, తన సంచిలోంచి కందిపొడి తీసి టోఫు మీద చల్లింది. ఆ తరవాత ఊరూరా ఆ బోర్డే వెతుక్కున్నాం.

రాత్రి బస్సులో హనోయ్ చేరాం. బస్సెక్కేటప్పుడే చెప్పులు విప్పించి కవరిస్తారు. గుళ్ళో అయితే బయటే వదిలెయ్యచ్చు, ఇక్కడ మోసుకెళ్ళాలి. రెండంతస్తుల పడకలు. పైదానిలోకి నన్ను ఎక్కించడానికి క్లీనరు, మా ఆవిడ, ఓ ఆస్ట్రేలియా అమ్మాయి సాయం పట్టారు. పొద్దున్న దిగి సంచి తగిలించుకుంటే నడుం కలుక్కుమంది. అప్పుడే నాలో దుర్బుద్ధి పుట్టింది. మూడు దేశాలు తిరిగినా ఆ చెంబు ఒక్కసారి తడవలేదు. హనోయ్‌లో ఆఖరి రాత్రి, మా ఆవిడ పడుకున్నాక, దాన్ని మంచం కిందికి నెట్టేశాను. మహా ఉంటే పావుకిలో ఉంటుంది. మర్నాడు విమానాశ్రయంలో నా నడక చూసి మా ఆవిడ, "ఏమిటివాళ హుషారు?" అంది.

జార్జియాలోని టిబిలిసిలో దిగేసరికి నవంబరు చలి. పాత ఇంటిని హాస్టల్ చేశారు, చెక్కమెట్లు, నడవా చివర అందరికీ కలిపి బాత్రూం. రాజ్మాగింజలు కూరిన రొట్టె, లోబియాని అంటారు, ఇద్దరం తిన్నాం. రుచికి మా ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను ఒకటికి రెండు తిన్నాను. గోడకి ఏముందో, ఏం లేదో ముందే తొంగిచూసే అలవాటు వియత్నాంలోనే పోయింది.

తెల్లవారుజామున లోపల గడియ పెట్టుకున్నాక చూశాను. గోడకి ఒక కాగితం చుట్ట ఉంది. అంతే. పంపు అవతలి మూల, సబ్బూ అద్దమూ ఉన్నచోట. కాసేపు ఆలోచించాను. మరికాసేపు ఆలోచించాను. నడవాలో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. మట్టెల చప్పుడు.

"ఏమే..." అన్నాను, సాధ్యమైనంత చిన్నగా.

చప్పుడు వంటగది వైపు వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. గడియ తీశాను. తలుపు సందులోంచి గాజుల చెయ్యి లోపలికొచ్చింది. ఆ చేతిలో మా అత్తగారి పేరున్న చెంబు. అంచుదాకా నీళ్ళు. అందుకుంటే గోరువెచ్చగా ఉంది.