హాని లేదంటున్నారుగా, పాలసీ తీసుకోండి

మళ్లీ అదే మాట. ప్యారానగర్‌లో వచ్చేది డంపింగ్ యార్డ్ కాదట, సమీకృత ఘన వ్యర్థాల నిర్వహణ కేంద్రమట. వాసన రాదట, నీళ్లు చెడవట, ఊరికి ఏ హానీ ఉండదట. చుట్టుపక్కల నల్లవల్లి, గుమ్మడిదల జనం అది వద్దంటూ 2025 ఫిబ్రవరిలో రోడ్డెక్కినప్పటి నుంచి ఈ మాటే వింటున్నారు. లింగంపల్లిలో కూర్చుని నేనూ వింటున్నాను. వాళ్లకు నమ్మకం కుదరలేదు గానీ నాకు కుదిరింది. ఇంత నిఖార్సైన నిరపాయం ఈ భూమ్మీద ఉంటే, దానికి ఇన్సూరెన్స్ ఎంత చవగ్గా రావాలి!

అనుకున్నదే తడవు, మా కాలనీ ఏజెంటును పట్టుకున్నాను. రైల్వే స్టేషన్ దగ్గర చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, ఒక చెత్త కేంద్రానికి పాలసీ కావాలి."

"మనుషులకు జేస్తం, బండ్లకు జేస్తం, బర్రెలకు గూడ జేస్తం. చెత్తకు ఏంది సార్? ఎత్కపోతే ఎవడెత్కపోతడు?"

"చెత్తకు కాదన్నా. దానివల్ల పక్కవాళ్లకు ఏమన్నా అయితే ఇచ్చేది. థర్డ్ పార్టీ."

"గట్ల చెప్పుండ్రి" అని సంచిలోంచి ప్రపోజల్ ఫారం తీశాడు. ఫారం లేకుండా చాయ్ కూడా తాగని మనిషి.

మొదటి గడి, పేరు. 'డంపింగ్' దాకా రాసి నాలుక కరుచుకున్నాను. కొట్టేసి అసలు పేరు రాస్తే గళ్లు చాలక పక్క గడిలోకి, అక్కడి నుంచి వయసులోకి పాకింది. పోనీలెమ్మన్నాడు, పెద్దవాళ్ల పేర్లు అట్లనే ఉంటాయట.

రెండోది, ఇరుగుపొరుగు. ఇళ్లు ఎంత దూరంలో ఉండాలని అడిగాడు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో ఉన్నదే చెప్పాను. పూడ్చే చోటు జనావాసానికి 200 మీటర్ల అవతల ఉంటే చాలని, విమానాశ్రయానికైతే 20 కిలోమీటర్లు ఉండాలని వాటిలో రాశారు. ఏజెంటు కాసేపు ఆలోచించాడు.

"రెక్కలున్న విమానానికి 20 కిలోమీటర్లు, కాళ్లున్న మనిషికి 200 మీటర్లా సార్?"

"విమానానికి ఇన్సూరెన్స్ ఉంటుంది కదన్నా."

మూడో గడి దగ్గర చిక్కొచ్చి పడింది. కుటుంబంలో పాత జబ్బులు. దాస్తే రేపు క్లెయిమ్ కొట్టేస్తారు. అందుకని ఈ కేంద్రానికి చుట్టాలైన పాత చెత్తగుట్టల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దన్న జవహర్‌నగర్‌లో ఉంటాడు. ఒళ్లంతా కప్పేసి పైన గడ్డి పెంచారు. చూడ్డానికి పచ్చగా ఉంటాడు. కానీ కిందినుంచి నల్లటి ఊట మల్కారం చెరువులోకి దిగింది. ఇక ఢిల్లీ మేనమామ గాజీపూర్. 2017 సెప్టెంబర్‌లో ఒక వాన తర్వాత కాలు జారాడు. ఆయన మళ్లీ లేచి ఇంకా పెరిగాడు గానీ, రోడ్డు మీద పోతున్న ఇద్దరు ప్రాణాలొదిలారు. కొచ్చిలో బావ బ్రహ్మపురం. 2023 మార్చిలో అంటుకుని పది రోజులు దాటినా పొగ ఆపలేదు.

ఏజెంటు పెన్ను మూతపెట్టాడు.

"ఈ ఖాన్‌దాన్‌కు ఊకెనే పాలసీ ఎవరిస్తరు సార్? ముందు సర్వేయర్ వస్తడు. అడుగున షీటు ఎన్ని పొరలేసిన్రు, ఊట ఎటు పోతది, నిప్పంటుకుంటే నీళ్లు యాడియి, చుట్టూ బోర్లెన్ని, అన్నీ సూస్తడు. అప్పుడు ప్రీమియం ఎంతో చెప్తడు."

నాక్కావలసింది ఆ సర్వేయరే. అధికారి చూస్తాడు, కాంట్రాక్టరు చూపిస్తాడు. తేడా వస్తే తన కంపెనీ డబ్బు పోతుందని భయపడేవాడి చూపు వేరు. వాడు ప్రెస్‌మీట్ పెట్టడు, ఒక అంకె వేస్తాడు. నిజంగా హాని లేకపోతే ఆ అంకె చిన్నదే. పెద్దదైతే, ఊరికి చెప్పిందంతా అబద్ధమన్నమాట.

చివరి గడి, ప్రమాదం జరిగితే ఏం చేస్తారు. దీనికి మాత్రం జవాబు సిద్ధంగా ఉంది. అవే 2016 నియమాల్లో 25వది ఉండేది. ప్రమాదం జరిగితే అక్కడి ఇన్‌చార్జి అధికారి ఆరో నంబరు ఫారం నింపి స్థానిక సంస్థకు పంపాలని అందులో రాశారు. ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, ఏ చెత్త, మనుషుల ఆరోగ్యం మీద ప్రభావమేమిటి, అన్నిటికీ గళ్లున్నాయి.

"పైసలెవరిస్తరో రాసే గడి?"

లేదన్నాను.

అంతలో మా వీధి స్వచ్ఛ ఆటో పాట పెట్టుకుని వచ్చింది. తొట్టి అంచు నుంచి నల్లనీళ్లు బొట్లుబొట్లుగా కారుతూ, హోటల్ ముందు నుంచి మలుపుదాకా తారు మీద గీత గీసుకుంటూ పోయాయి. ఈగలు ఆ గీత తప్పకుండా వెళ్తున్నాయి.

"దానికి థర్డ్ పార్టీ ఉంటదా అన్నా?"

"లేకుంటే రోడ్డెక్కనిస్తరా? చట్టం గద."

అక్కడ తాగుతున్న చాయ్ చేదైపోయింది. చెత్త మోసే ఆటోకు బీమా తప్పనిసరి. ఆ చెత్త వెళ్లి పడి ఏళ్లకేళ్లు కుళ్లే చోటుకు ఆ నిర్బంధం లేదు. చట్టం లేక కాదు. భోపాల్ తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు. ప్రమాదకర పదార్థాలు వాడేవాడు ముందుగానే బీమా తీసుకోవాలి, తప్పెవరిదని తేల్చకుండానే బాధితుడికి పరిహారం అందాలి. మంచి చట్టమే. కానీ దాని జాబితాలో ఉన్నవి రసాయనాలు, మన తడి చెత్త పొడి చెత్త కాదు. పైగా ఒక నిధి పెట్టుకుంటే స్థానిక సంస్థలకు బీమా నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని నాలుగో సెక్షన్‌లోనే రాసుకున్నారు. ఆ చట్టం చనిపోయిన మనిషికి కట్టిన వెల 25 వేలు. 33 ఏళ్లు ఆ అంకె కదల్లేదు. 2024 చివర్లో గానీ 5 లక్షలు కాలేదు. బీమా తీసుకోని యజమానికి ఏడాదిన్నరకు తక్కువ కాకుండా జైలు అన్న నిబంధనను మాత్రం 2023లోనే జన విశ్వాస్ చట్టంతో తీసేసి పెనాల్టీతో సరిపెట్టారు. ఎవరి విశ్వాసం కోసమో చెప్పక్కర్లేదు.

ఆ చెత్త ఎవరిది? మాది. నల్లగండ్ల టవర్లలో రాత్రి పదకొండింటికి తెప్పించుకున్న బిర్యానీ డబ్బా, పిల్లాడి డైపరు, పాత బ్యాటరీ, అన్నీ ఒకే కవరులో ముడేసి తలుపు బయట పెట్టేది మేము. మా కార్లకు బీమా, మా మోకాళ్లకు బీమా, చేతిలో ఫోను అద్దం పగిలితే దానికీ బీమా. ఆ డబ్బా ముఖం ఎరగని నల్లవల్లి రైతు బోరు నల్లబడితే ఆరో నంబరు ఫారం! అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నాడని పేరు, ఇంటి ముందు పోలీసు బండి. హాని లేదని వేదిక మీద చెప్పే నోటికి, హాని జరిగితే మేమిస్తామని కాగితం మీద రాయడానికి చెయ్యి ఎందుకు రాదు?

కాబట్టి అయ్యలారా, ప్యారానగర్‌లో చెత్త లారీ అడుగుపెట్టే ముందు ఒక పాలసీ కాపీ నల్లవల్లి పంచాయతీ గోడకు అంటించండి. ఎవరిస్తారు, ఎంతిస్తారు, ఎన్నేళ్ల వరకు ఇస్తారు, తెలుగులో రాయండి. పూడ్చిన చోటు మూతపడ్డాక కూడా కనీసం 15 ఏళ్లు కనిపెట్టి ఉండాలని 2016 నాటి మీ నియమాలే అన్నాయి. పాలసీ కూడా అన్నాళ్లూ బతికుండాలి. ఆ కాగితం లేకుండా లారీ కదలకూడదు. మేమేం కొత్త కోరిక కోరడం లేదు, మా వీధి ఆటోకు ఉన్న నియమమే అది.